కంపెనీ గుమ్మానికి వేపమండలు

"ఊళ్ళో ఇంటింటా తాళింపు ఆగినా సరే అల్లుడూ, కంపెనీ పొయ్యి మాత్రం ఆరదు. ఇది వెంకటసామి మాట!"

ఎవరు మామా ఈ వెంకటసామి? మీ పేరే కదా? మాసి నెలలో ఈ గుడి తిన్నె మీదనే, రైతులందరి ముందు, నా చేతిలో చెయ్యి వేసి ఈ మాట అన్నాడు. నల్లసామి పెదనాయన "అట్లా చెప్పు బావా!" అని తొడ కూడా చరిచాడు. ఆ తరువాతి నెల, ఈ పంగుణి, ఇంకా దాటలేదు. ఆ వెంకటసామే పోయి కంపెనీ కొట్టం తలుపుకు అడ్డంగా వేపమండలు కట్టి వచ్చాడు.

నా వైపు చూడండి మామా. గుళ్ళోకి చూస్తే ఎట్లా? అడుగుతున్నది నేను, అమ్మవారు కాదు.

ఓ, మరిచాను. మౌనం కదా! బల్లి పలికేదాకా మీరూ పలకరు. బాగుంది. నేను అరుస్తాను, మీరు వింటారు. దారిన పోయేవాడు చూస్తే ఎవరు పెద్దమనిషి, ఎవరు పిచ్చివాడు? వినేవాడు ఎప్పుడూ పెద్దమనిషే.

ఇందాక అత్త చెంబుతో మజ్జిగ తెచ్చి మీ పక్కన పెట్టింది. మీతో ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం, "ఈ ఎండలో ఆయన మీద కేకలెందుకు నాయనా? లోపలికి వచ్చి దాన్ని ఒక్కసారి చూసి పోరాదా?" అంది. దాన్ని అంటే కిష్టమ్మను. మీ కూతురిని. నా పెళ్ళాన్ని. ఈ గుడికి ఎదురుగా మన ఇంట్లోనే వేపాకుల మీద పడుకుని ఉంది. ఒంటి నిండా అమ్మ పోసింది. ఎడమ కన్ను మూసుకుపోయింది.

చూస్తాను. చూడకుండా ఎక్కడికి పోతాను? ఇల్లటపు అల్లుణ్ణి, నాకు వేరే ఇల్లు ఏది? మీ కంచంలో తిని, మీ వసారాలో పడుకుని, మీరు అధ్యక్షులుగా ఉన్న కంపెనీకి మేనేజరుగా ఉంటున్నవాణ్ణి. ముందు ఇది తేలనివ్వండి.

అసలు ఈ కంపెనీ ఎందుకు పెట్టాం మామా? మన కరిసల్ నల్లరేగడి నేల, వాన పడితే పంట, పడకపోతే నల్లటి పగుళ్ళు. అట్లాంటి నేలలో పండిన శెనక్కాయను తీసుకుపోయి విరుదునగర్ మండీలో పోస్తే, దళారి పైగుడ్డ కింద మన చెయ్యి దూర్చి వేళ్ళు పట్టుకుని బేరం చేస్తాడు. ఆ గుడ్డ కింద ఏం జరిగిందో పక్కనున్న వాడికి తెలియదు. ఒక్కోసారి మనకూ తెలియదు! మీ నాయన కాలం నుంచీ ఆ గుడ్డ కిందనే మన బతుకు. మీరు ఇప్పటికీ విరుదుపట్టి అంటారు. పేరు మార్చి రెండేళ్ళయింది. సరే, పేరు మారింది గానీ గుడ్డ మారలేదు, అది ఒప్పుకుంటాను.

నేను మదుర నుంచి చదువు ముగించుకుని వచ్చి, ఏం చెప్పాను? మన పంట, మన చెయ్యి. దళారి లేని లోకం. కాయ ఎవరికీ అమ్మవద్దు. మనమే ఒలిచి, మనమే ఇసకలో వేయించి, మనమే బెల్లం పాకం పట్టి, బిళ్ళలు కోసి, మన ముద్ర వేసి కోవిల్‌పట్టి స్టేషన్లో అమ్ముదాం. రైలు దిగిన ప్రతివాడూ కొనుక్కుని పోవాలి. వాటా పెట్టడానికి రూపాయలు లేవా? కాయ బస్తాలే వాటా. ఇవన్నీ అరవంలో చెప్పాను, మన ఇంటి తెలుగు మాటలో వీటికి పదాలు దొరకలేదు. కొట్టం గోడ మీద సున్నంతో రాయించాను కూడా. "శ్రమే సిరి." ఎంత పెద్ద అక్షరాలు!

మీరు నవ్వారు. కానీ మొట్టమొదటి బస్తా మీదే. అది నేను మరిచిపోలేదు. మరిచిపోతే ఇంత కోపం రాదు మామా.

మొదటి సంవత్సరం బాగానే నడిచింది కదా? పేచ్చియమ్మాళ్, ఆమెతో వచ్చే ఆడవాళ్ళు, పొద్దున్నే ఇసక బాణళ్ళ ముందు కూర్చునేవాళ్ళు. ఊరంతా వేపుడు వాసన. పాల్‌పాండి బండి కట్టుకుని స్టేషనుకు పోయేవాడు, వెనక నేను. గార్డులు రైలు దిగి వచ్చి కొనేవాళ్ళు.

తై నెలలో, సంక్రాంతి పోయాక, సాత్తూరు వైపు మొదలైంది. ఆ తరువాత కళుగుమలై. మన ఆడవాళ్ళు పేరెత్తరు. "అమ్మ వచ్చింది" అంటారు, చుట్టం వచ్చినట్టు. నేను పేరెత్తి చెప్పాను. మశూచి. అంటుకునే రోగం. మనిషి నుంచి మనిషికి వస్తుంది. కాబట్టి ఊరు మూసేయాలి, ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. పేపర్లో చదివింది చదివినట్టు చెప్పాను.

ఎవరు విన్నారు? "సంతకు పోకపోతే ఉప్పు నువ్వు చేసి పెడతావా?" అన్నాడు నల్లసామి పెదనాయన. "కారియాపట్టిలో నా మరదలు పెళ్ళి, నీ రోగం కోసం ఆపమంటావా?" అన్నాడు ఇంకొకడు. ఇంత అరిచాను, అంత అరిచాను. గొంతు పోయింది గానీ ఒక్కడు కదిలితే ఒట్టు.

అప్పుడు నాకు తట్టింది. అవును, నాకే తట్టింది! మీకు కాదు. ఆ సంగతి దాచిపెట్టే రకాన్ని కాదు నేను.

అమ్మకు కాప్పు కడితే? ఊరి పెద్ద మణికట్టుకు పసుపుతాడు కట్టి చాటింపు వేస్తే, ఇక ఆ తాడు విప్పేదాకా ఊరివాడెవడూ పొలిమేరలోని ఎల్లరాయికి అవతల రాత్రి పడుకోకూడదు. పైవాడెవడూ లోపల అడుగు పెట్టకూడదు. పేపరు చెప్పింది ఇదే కదా? మన తాతలు ఎప్పుడో కనిపెట్టారు, పేరే వేరు! నాకు ఎంత సంతోషమైందో తెలుసా? "ఆచారానికి శాస్త్రంతో కళ్ళెం వేస్తాను" అని కిష్టమ్మతో అన్నాను. ఆ మాట ఎక్కడ చదివానో గుర్తులేదు. కిష్టమ్మ ఏమంది? "కళ్ళెం వేసేటప్పుడు కరుస్తుందేమో, చెయ్యి చూసుకోండి" అంది. నవ్వాను.

మీ దగ్గరికి వచ్చి అడిగాను. తాడు మీది, ఉద్దేశం నాది, కట్టండి మామా అన్నాను. మీరు వెంటనే కట్టలేదు.  "కాప్పు కడితే దాని కట్టుబాట్లన్నీ వస్తాయి గోపాలూ. నీకు కావలసినవి ఏరుకుని మిగతావి పారేయడానికి అది వంకాయల బుట్ట కాదు. తాళింపు ఆగాలి. వేపుడు ఆగాలి. ఆ వాసన అమ్మకు పడదు. నీ కొట్టం మాటేమిటి?" అన్నారు.

కొట్టం ఎల్లరాయికి అవతల ఉంది కదా అన్నాను. నిజమే కదా? రాయికి అవతల. మీరు లేచి వచ్చి, రాయి పక్కన నిలబడి, అటు చూసి, ఇటు చూసి, తిరిగి ఈ తిన్నె మీదికి వచ్చి, అప్పుడు అందరి ముందు నా చేతిలో చెయ్యి వేశారు. ఇంటింటా తాళింపు ఆగినా కంపెనీ పొయ్యి ఆరదు అన్నారు.

దానికే కదా మామా నేను ఇప్పుడు ఇక్కడ నిలబడి గొంతు చించుకుంటున్నది!

ఊళ్ళో అందరూ అంబలీ మజ్జిగా తాగుతుంటే, కొట్టంలో మాత్రం పొయ్యి వెలిగింది. పెళ్ళికి పోతానన్నవాడు పోలేదు. సంత మానేశారు. తలారి అయ్యనార్ కర్ర పట్టుకుని రాయి దగ్గర కాపలా. మన ఊళ్ళో ఒక్కరికీ అమ్మ రాలేదు. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. అవును, తిరిగాను. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మన ఊరిని చూసి నేర్చుకోవాలి అన్నాను. సభ పెట్టి చెప్పాలనుకున్నాను.

ఒకనాడు టీకాల ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. అయ్యనార్ కర్ర అడ్డం పెట్టి, "కాప్పు కట్టిన ఊరు దొరా, అడుగు పెట్టవద్దు" అన్నాడు. "మీ మేనేజరు చదువుకున్నవాడట, అతన్ని పిలు" అన్నాడట ఆయన. మేనేజరు ఎక్కడున్నాడు? కోవిల్‌పట్టి స్టేషన్లో మిఠాయి అమ్ముతున్నాడు! పొద్దు కుంకక ముందు తిరిగి వస్తే కాప్పుకు భంగం లేదు కదా? రోజూ పోయేవాణ్ణి, రోజూ పొద్దుండగానే వచ్చేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు కాసేపు ఎండలో నిలబడి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

నేను కట్టించిన కంచె ఆయన్ని ఆపింది. నన్ను ఆపలేదు.

అట్లా చూడకండి. నోరు మూసుకున్నా మీరు అడుగుతున్నది నాకు వినబడుతూనే ఉంది. రైలు పెట్టెలో ఎవరెవరిని రాసుకుని వచ్చానో, ఎవరి చేతి చిల్లర పుచ్చుకున్నానో, ఆ చేతులతోనే ఇంటికి వచ్చి ఎవరి చేతి నీళ్ళు తాగానో. నాకు టీకా ఉంది, చదువుకునేటప్పుడు మదురలో వేసుకున్నాను, చూడండి మచ్చ. నాకు రాదు. నా గుడ్డల్లో రాదని ఎవరు చెప్పారు? పేపర్లో ఆ ముక్క కూడా రాసే ఉంటారు. నేను చదివి ఉంటాను. అక్కడికి వచ్చేసరికి పేజీ తిప్పి ఉంటాను.

ఒక్క గుమ్మం తొక్కింది అమ్మ. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మన గుమ్మమే.

సరే. తప్పు నాది అనే అనుకోండి. అనుకోండి మామా, నాకేం భయం లేదు. కానీ తప్పు నాదైతే శిక్ష కొట్టానికి ఎందుకు? ఎల్లరాయి జరిగిందా? రాయి ఎక్కడుందో అక్కడే ఉంది, పోయి చూసి వచ్చాను. మీ మాట జరిగింది. కిష్టమ్మకు జ్వరంతో ఒళ్ళు కాలిన మర్నాడే మీరు వేపకొమ్మ విరుచుకుని పోయారు. పేచ్చియమ్మాళ్ బాణలిలో గింజ సగం వేగి ఉంది. "దించేయండి" అన్నారట. సగం వేగిన గింజ! పచ్చిదీ కాదు, వేగిందీ కాదు. దాన్ని కోడి కూడా ముట్టలేదు.

నాకు తెలుసు ఎందుకో. ఈ నెలలో గాలి కొట్టం మీదుగా నేరుగా మీ పెరట్లోకే కొడుతుంది. వేపుడు వాసన కిష్టమ్మ పడుకున్న చోటికి వస్తుంది. అమ్మకు కోపం వస్తుంది. కోపం వస్తే పోతూపోతూ కళ్ళు తీసుకుపోతుంది. మీ చెల్లెలికి అట్లాగే పోయాయి. ఎవరింట్లోనో ఆవాలు చిటపటమన్నాయి, ఆమె కళ్ళు పోయాయి. చిన్నప్పుడు మా అమ్మ కూడా ఈ కథ చెప్పింది, ఏడుస్తూ చెప్పింది. ఆమెకూ అక్కే కదా.

కానీ మామా, వాసనకు కళ్ళు పోవు. పురుగుకు పోతాయి. ఆవాలు చిటపటమనకపోయినా పోయేవి. ఇది సైన్సు. ఇది... ఏమిటి, ఎందుకు తల దించుకున్నారు? నేనేదో మీ చెల్లెలిని తిట్టినట్టు!

సరే, మీరు నమ్మారు, కట్టారు. కనీసం డైరెక్టర్లను కూర్చోబెట్టి కట్టారా? కూర్చోబెట్టారు, ఒప్పుకుంటాను. కట్టిన తరువాత, గుళ్ళో కూర్చోబెట్టారు! నేను లేచి, "పొయ్యి వెలిగించాలని తీర్మానం ప్రవేశపెడుతున్నాను" అన్నాను. నల్లసామి పెదనాయన, "అమ్మను అడుగుదాం" అన్నాడు. మీరు కర్పూరం వెలిగించి అడిగారు. అందరూ చేతులు కట్టుకుని గోడ వైపు చెవులు పెట్టారు. కుడివైపు బల్లి పలికితే సరే, ఎడమవైపు పలికితే కాదు. అసలు పలకకపోతే?

పలకలేదు! ఒక లిమిటెడ్ కంపెనీ మామా. రిజిస్టరు చేసిన కంపెనీ. దాని డైరెక్టర్లు తలపాగాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, బల్లి ఓటు కోసం కాచుకుని కూర్చున్నారు. బల్లి నా కళ్ళ ముందే దూలం మీద ఉంది. ఈగను పట్టుకుంది, మింగింది, పోయింది. గైర్హాజరు! నాకు నవ్వొచ్చింది. నవ్వాను. నవ్విన పాపానికి అందరూ నా వైపు ఎట్లా చూశారు! ఆ బల్లి పలికేదాకా తానూ పలకనని వెంకటసామి అనే పెద్దమనిషి మౌనం పట్టాడు. అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే కర్పూరం, రోజూ చెవులు, రోజూ ఏమీ లేదు.

పోనీ ఇంకో చోట పొయ్యి పెడదామన్నా ఎక్కడికి పోతాం? కాప్పు ఉన్నప్పుడు మన ఆడవాళ్ళు రాత్రి బయట ఉండలేరు. ఇప్పుడు ఊళ్ళో అమ్మ ఉందని తెలిశాక పగలు కూడా మనల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. నిన్న పాల్‌పాండి బండి తోలుకుని పోతే స్టేషను రోడ్డు మొదట్లోనే ఆపేశారు. మిఠాయి దించనివ్వలేదు. ఎద్దులకు నీళ్ళు కూడా పెట్టనివ్వలేదట. అదే నేను మెచ్చుకున్న పద్ధతి! ఊరు మూసేయడం! వాళ్ళూ మన ఊరిని చూసి నేర్చుకున్నారు.

ఇటు రాయి, అటు రోడ్డు, మధ్యలో నేను.

పేచ్చియమ్మాళ్ ఇందాక ఏమందో తెలుసా? ఆడవాళ్ళంతా పని లేక కొట్టం నీడలో కూర్చున్నారు. కూలి కింద రోజూ కొలిచి ఇచ్చే గింజలు ఆగిపోయాయి. నన్ను చూసి ఆమె లేవలేదు. "మేనేజరు సామీ, గోడ మీద ఏదో రాశారే, అది ఒకసారి పెద్దగా చదివి వినిపించండి. కడుపు నిండుతుందేమో చూద్దాం" అంది. అందరూ నవ్వారు. నేను చదివాను మామా! ఏం చెయ్యాలో తెలియక, పిచ్చివాడిలాగా, "శ్రమే సిరి" అని చదివాను. ఇంకా నవ్వారు. ఒకామె, "శ్రమ ఏది సామీ, దాని మీద ఆకులు కట్టేశారు కదా" అంది.

"అయితే నేను మండలు విప్పుతాను, మీరు వచ్చి కూర్చుంటారా?" అని అడిగాను. నవ్వు ఆగిపోయింది. పేచ్చియమ్మాళ్ అప్పుడు లేచింది. "లోపల పడుకున్నది మీ ఇంటావిడ. మీరు వెలిగించి, కూర్చోమంటే కూర్చుంటాం. మేము మాత్రం వెలిగించం. మీరు వెలిగించాలి" అంది.

అంటే వాళ్ళు సిద్ధం. అర్థమైందా మీకు? వాళ్ళు సిద్ధమే!

రైతులు మాత్రం ఆగేటట్టు లేరు. నల్లసామి పెదనాయన ఇంట్లో నిన్న అందరూ కూర్చుని తేల్చేశారు. కాయంతా ఒలిచేశాం కదా. ఒలిచిన గింజ ఈ ఎండకు ఎన్నాళ్ళు ఆగుతుంది? గోతాల మీద అప్పుడే నూనె మరకలు. ఇంకో వారం పోతే చేదెక్కుతుంది, గానుగకు తప్ప దేనికీ పనికిరాదు. అందుకని విరుదునగర్ దళారికి కబురు పంపారు. శుక్రవారం బండ్లు వస్తాయి. రాయి అవతల నిలబెడతాడు, మనవాళ్ళు మోసుకుపోయి ఎత్తాలి. "నీ మీద కోపం లేదు గోపాలూ, బిడ్డలున్నవాళ్ళం" అన్నాడు పెదనాయన. గుడ్డ కింద మళ్ళీ చెయ్యి పెట్టడానికి పోతున్నాడు, నాకు ఓదార్పు చెబుతున్నాడు!

"పొయ్యి వెలిగితే ఆగుతారా?" అని అడిగాను. "పొగ కనబడితే ఆగుతాం. ఒక్క బాణలి పెట్టినా చాలు, కంపెనీ బతికే ఉందని అనుకుంటాం" అన్నాడు. శుక్రవారం లోపల పొగ కనబడాలి. లేకపోతే ఆ బండ్లతో పాటు కంపెనీ కూడా పోతుంది. ఒక్కసారి పోయిన కాయ వచ్చే ఏడు మన దగ్గరికి వస్తుందా? ఇంకొకడు ఎవడైనా వచ్చి మన పంట మన చెయ్యి అంటే ఈ ఊళ్ళో ఎవడు వింటాడు? ఇంకో ఇరవై ఏళ్ళకు కూడా వినడు. "అప్పుడు గోపాలకృష్ణన్ అని ఒకడు ఇట్లాగే అరిచాడు" అంటారు.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పండి. తాతల నాటి భయం కోసం ఇంతమంది నోటి దగ్గరి కూడు తీసేయడం న్యాయమా? ఒక్క మనిషి కోసం...

లేదు, అట్లా అనకూడదు. ఒక్క మనిషి అంటే ఎవరు? నా నోటితో నేనే ఎట్లా అంటున్నాను చూడండి.

పొద్దున తడిక ఇవతల నిలబడి పలకరించాను. "ఎట్లా ఉంది?" అంటే, "మీ కంపెనీ ఎట్లా ఉంది, అది చెప్పండి ముందు" అంది. గొంతు ఎండిపోయి ఉంది. "బాగానే ఉంది" అన్నాను. "అబద్ధం. వేపుడు వాసన రావడం లేదు. అది వస్తేనే తెల్లారినట్టు ఉండేది నాకు" అంది.  మళ్ళీ తనే, "అద్దం ఇవ్వలేదు వీళ్ళు. చేత్తో తడిమి చూసుకున్నాను. మొహమంతా అచ్చం మీ మిఠాయి బిళ్ళలాగా ఉన్నాను. ముద్ర వేసి స్టేషన్లో అమ్మేసి రండి" అంది. నవ్వింది కూడా. నవ్వితే నొప్పేమో, మధ్యలో ఆగిపోయింది.

వాసన వస్తే తెల్లారినట్టు ఉంటుందని ఆమే అంది మామా. ఆమె నోటితో ఆమే అంది. అది ఒప్పుకోలు కిందకి రాదా? అని కొట్టం దాకా పోయే దారిలో నన్ను నేనే అడుగుతూ పోయాను.

అవును, పోయాను. ఇక్కడికి రాకముందు. మీరు కట్టిన మండలు వాడిపోయి ఉన్నాయి, చెయ్యి తగిలితే ఆకులు రాలాయి. పక్కకు తప్పించి లోపలికి పోయాను. ఎవరూ అడ్డం రాలేదు. తాళంచెవి నా మొలతాడుకే ఉంది కదా, మీరు అడగలేదు కూడా. పొయ్యిలో కట్టెలు పేచ్చియమ్మాళ్ పేర్చి పెట్టినవి పేర్చినట్టే ఉన్నాయి. అగ్గిపెట్టె తీశాను. సాత్తూరుది, మన సీమ సరుకు. మూడు గీస్తే ఒకటి అంటుకునే రకం. దాని మీద నెపం పెడదామా అంటే, నేను ఒక్కటి కూడా గీయలేదు.

పుల్ల పట్టుకుని నిలబడ్డాను. పురుగు, పేపరు, సైన్సు, శ్రమే సిరి, ఒకటి కాదు, నాకు తెలిసిన మాటలన్నీ పెద్దగా అనుకున్నాను. కొట్టంలో నా గొంతు నాకే తిరిగి వినబడింది. చెయ్యి కదిలితేనా? ఆవాలు చిటపటమన్న చప్పుడు చెవిలో. నేను పుట్టకముందు ఎవరింట్లోనో చిటపటమన్న ఆవాలు! ఆ ఎడమ కన్ను తెరుచుకోకపోతే? దానికీ పొగకూ సంబంధం లేదని నాకు తెలుసు. తెలుసు మామా. తెలిసి కూడా, బతికినన్నాళ్ళు ఆ కంటిని చూస్తూ, నేను గీసిన పుల్లే అని అనుకుంటానని కూడా తెలుసు.

మండలు మళ్ళీ అడ్డంగా లాగి వచ్చేశాను. మీకంటే గట్టిగా కట్టాను. పోయి చూసుకోండి.

అందుకే తడిక దాటి లోపలికి పోవడం లేదు. అంటుతుందని కాదు. ఆ మొహం చూస్తే ఇంకెప్పటికీ వెలిగించలేను. చూడకపోతే ఇక్కడ నిలబడి మీ మీద అరవనైనా గలను.

ఇప్పుడు అడుగుతున్నాను. మౌనం విడవక్కర్లేదు, బల్లిని కూడా నేనేమీ అనను. ఒక్కసారి తల ఊపండి. అవునని ఊపితే పోయి నేనే వెలిగిస్తాను. ఏమన్నా అయితే, మామ ఊపాడు అంటాను. కాదని ఊపితే గోతాలు బండ్లకు ఎత్తిస్తాను. పేచ్చియమ్మాళ్ అడిగితే, మామ ఒప్పుకోలేదు అంటాను. చూశారా? స్వావలంబన మీద ఈ తిన్నె మీదనే ఎంత బాగా మాట్లాడాను నేను! పెదనాయన ఆవులించాడు గానీ, మిగతా వాళ్ళంతా విన్నారు.

ఊపరా? అటూ ఇటూ ఏదో ఒకటి?

సరే. గడువు ఇస్తున్నాను. రేపు పొద్దున్నే చెప్పాలి. రేపు... రేపు జ్వరం ఇంకా ఎక్కుతుందని అత్త అంది, రేపు వద్దు. గురువారం. గురువారం తప్పకుండా చెప్పాలి. కానీ గురువారానికి చీము ఇంకా ఎండదట. శుక్రవారానికి తేలిపోతుందట, తలకు నీళ్ళు పోయవచ్చో లేదో, ఆ కన్ను తెరుచుకుంటుందో లేదో.

బండ్లు శుక్రవారం మధ్యాహ్నానికే వచ్చి పోతాయి. తెలుసు. మీరు కనుబొమ్మలు ఎగరేసి చెప్పక్కర్లేదు.

శుక్రవారమే. పంతొమ్మిది వందల ఇరవై అయిదు, ఏప్రిల్ పదో తేదీ, దీపాలు పెట్టే వేళ. అప్పటికి నాకు జవాబు చెప్పి తీరాలి మామా.